పొయ్యి ఎవరి చేతిలో ఉండాల?

ఆడికృత్తిక అయిపోయింది. కొండకు కావళ్ళు మోసుకొచ్చిన చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయినారు. ఇల్లు సర్దుకుంటా ఉన్న ఆ వారంలోనే మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన కాలనీల్లో ముసలి మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. వాళ్ళకు పనికొస్తుందని ఈ నెల అదే రాస్తున్నాను.

పొద్దున ఆరు గంటలప్పుడు మా ఇంటిది పాలు పొయ్యి మీద పెట్టింది. ఇంతలో వీధి కొళాయిలో నీళ్ళు వచ్చినాయని ఎవరో కేక వేసినారు. బిందె చంకన పెట్టుకుని పరిగెత్తింది. పాలు పొంగినాయి, మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తానే ఉంది. నేను ముందు రూములో పేపరు చూసుకుంటా కూర్చున్నాను. నాకేమీ తెలియలేదు. 2021లో కరోనా వచ్చినప్పుడు నాకు వాసన పోయింది. మల్లెపూవుకు కొంచెం తెలుస్తుంది, మాడిన కూరకు కొంచెం తెలుస్తుంది, మిగతాది పోయినట్టే.

ఉక్కపోస్తా ఉంటే ఫ్యాను వేద్దామని లేచినాను. స్విచ్చి మీదికి చెయ్యి కూడా పోయింది. అప్పుడే పక్కింటి పాప, ఐదో క్లాసు చదివే బిడ్డ, వాకిట్లోంచి గట్టిగా అరిచింది. "తాతా, గ్యాసు వాసన! స్విచ్చి వెయ్యొద్దు!" ఆ బిడ్డ బడికి ఫైరు సర్వీసు వాళ్ళు వచ్చి చెప్పి పోయినారంట. చెప్పింది బాగా గుర్తు పెట్టుకునింది.

నా ప్రాణం జల్లుమనింది. లోపలికి పోయి రెగ్యులేటరు మూసినాను. స్టవ్వు నాబు మూసినాను. ముందు తలుపు, వెనక తలుపు, కిటికీ అన్నీ తెరిచినాను. ఏ స్విచ్చీ ముట్టకుండా బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. కాళ్ళు వణికినాయి. ముప్పై ఏళ్ళకు పైగా దూది మధ్యన పని చేసినవాణ్ణి. నిప్పురవ్వ అంటే ఏందో నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. అట్లాంటి నేనే నా ఇంటిని తగలబెట్టబోయినాను.

మా ఇంటిది బిందెతో వచ్చింది. విన్నది. బిందె దించలేదు, అట్లనే నిలబడిపోయింది.

ఆ ఆదివారం అబ్బోడు, కోడలు పట్నం నుంచి వచ్చినారు. అమ్మాయి ఫోనులో ఉంది. ఇంట్లో పెద్ద పంచాయితీ. అబ్బోడు అన్నాడు, "నాయినా, గ్యాసు తీసేద్దాం. కరెంటు స్టవ్వు, అదే ఇండక్షను, పెట్టుకోండి. మంటే ఉండదు." కోడలు అనింది, "మామా, టైము పెడితే దానంతట అదే ఆగిపోయే నాబులు వస్తున్నాయి. అవి పెట్టిద్దాం." అమ్మాయి అనింది, "అమ్మ ఇంక పొయ్యి దగ్గరికే పోకూడదు. క్యారేజీ తెప్పించుకోండి."

అందరూ మాట్లాడినాక మా ఇంటిది మెల్లగా ఒక్క మాట అనింది. "పదేళ్ళ వయసులో మా అమ్మ నాకు పొయ్యి అప్పజెప్పింది. ఒక దినం పాలు పొంగినాయని నా చేతిలోంచి తీసేసుకుంటే, ఇంక ఈ ఇంట్లో నాదేముంది?"

ఎవరూ బదులు చెప్పలేదు. నేను మాత్రం అప్పుడే అనుకున్నాను. దీన్ని కోపంతోనో భయంతోనో తేల్చకూడదు. పొయ్యిని అదుపులో పెట్టే దారులు ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటీ చూసి, ఏది మా చేతులకు సరిపోతుందో అది ఎంచుకోవాల.

మా ఇంటిలో ఎన్ని పొయ్యిలు మారినాయో లెక్క వేసుకున్నాను. మా అమ్మ కాలంలో మూడు రాళ్ళ పొయ్యి, తర్వాత మట్టి పొయ్యి. దానికి నాబు లేదు, మీట లేదు. మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగేది, తక్కువైతే లోపలికి తోసేది. అన్నం ఉడికినాక కట్టెలన్నీ లాగేసి నిప్పుల మీదనే మగ్గబెట్టేది. అంటే కట్టెను పట్టుకుని మంటను అదుపు చేసేది. ఆమె చెయ్యే నాబు. పొగకు కళ్ళు పోయినాయి, దగ్గు పట్టింది, అది వేరే కథ.

కుంపటిలో లెక్క వేరు. బొగ్గులు ఒకసారి వేస్తే తియ్యలేం. అందుకని గాలిని పట్టుకోవాల. కింద ఉన్న బెజ్జం దగ్గర విసనకర్రతో విసిరితే ఎర్రగా రాజుకుంటుంది. బెజ్జానికి పెంకు అడ్డం పెడితే, బూడిద కప్పితే నెమ్మదిస్తుంది. రంపపు పొట్టు పొయ్యి కూడా అంతే. డబ్బాలో మధ్యన సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దంచి, సీసా లాగేస్తే గొంతు మాదిరి బెజ్జం ఏర్పడుతుంది. కింద నుంచి చిన్న కట్టెతో అంటిస్తే రెండు మూడు గంటలు మండుతుంది. ఒకసారి అంటుకుంటే మధ్యలో ఆపడం చేతకాదు. ఆ రెండు మూడు గంటల్లో వంట అంతా ముగించుకోవాల.

మిల్లులో సైజింగు ఖాతాకు ఆవిరి ఇచ్చే బాయిలరు చూసినప్పుడు నాకు ఈ కుంపటే గుర్తొచ్చేది. అక్కడ పొగగొట్టానికి డ్యాంపరు అని ఇనపరేకు తలుపు ఉంటుంది. తెరిస్తే గాలి లాగుతుంది, మంట పెరుగుతుంది. మూస్తే తగ్గుతుంది. పెద్ద బాయిలరైనా, అవ్వ కుంపటైనా సూత్రం ఒక్కటే. ఒకటి కట్టెనన్నా పట్టుకోవాల, లేదంటే గాలినన్నా పట్టుకోవాల.

మన తెలుగు ప్రాంతంలోనే ఒక ఇంజనీరు ఈ డ్యాంపరును ఇంటి పొయ్యికి తెచ్చినాడు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో ఎస్.పి. రాజు గారు 1950ల మొదట్లో పొగ రాని పొయ్యి ఒకటి తయారు చేసినారు. మట్టితోనే కట్టుకోవచ్చు. ఒక్క మంట మీద మూడు గిన్నెలు, వెనక గోడకు పొగగొట్టం, గాలిని తగ్గించడానికి, పెంచడానికి రేకు అడ్డం. ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరీ నిలబడాలని చేసిన పని అది. మన వీధుల్లో అది రాలేదు. అద్దె ఇంట్లో గోడకు బెజ్జం పెట్టి గొట్టం కడతామంటే ఇంటాయన ఒప్పుకుంటాడా?

మనకు వచ్చింది కిరసనాయిలు. బత్తీల స్టవ్వుకు పక్కన మీట ఉండేది, తిప్పితే బత్తీలు పైకి వచ్చి మంట పెరిగేది, దించితే తగ్గేది. మసి పట్టేదిగానీ మొత్తానికి సాధువు. పంపు స్టవ్వు అట్ల కాదు. గాలి కొట్టి కిరసనాయిలును ఒత్తిడి మీద పైకి పంపించే యంత్రం అది. పిన్నుతో బెజ్జం సరి చెయ్యాల, గాలి వదిలే మర తిప్పితే గానీ ఆరదు. మండుతా ఉన్నప్పుడు కిరసనాయిలు పోసిన ఇళ్ళలో ఏం జరిగిందో మన వయసు వాళ్ళకు గుర్తుంటుంది. స్టవ్వు పగిలిందని పేపర్లో వచ్చినప్పుడల్లా కాలింది ఎక్కువగా ఆ ఇంటి ఆడమనిషే.

గ్యాసు వచ్చినప్పుడు ఎంత సంతోషపడినామో చెప్పలేను. సరిహద్దు అవతల, నగరి పక్కనుండే మా చెల్లెలికి 1999లో చంద్రబాబు గారు పెట్టిన దీపం పథకంలో ముందుగా వచ్చింది. "అన్నా, మీ తమిళనాడులో ఇంకా పొగలోనే ఉన్నారా" అని ఎగతాళి చేసేది. 2006 ఎన్నికల తర్వాత కరుణానిధి గారి ప్రభుత్వం ఉచిత గ్యాసు స్టవ్వులు ఇచ్చినప్పుడు మా వీధిలో కట్టెల మోపులు తగ్గిపోయినాయి. ఒక్క నాబు తిప్పితే మంట, ఇంకో పక్కకు తిప్పితే లేదు. ఇంత సులువుగా ఉండేసరికి, అది కూడా నిప్పే అని మనం మరిచిపోయినాము.

గ్యాసును ఎక్కడెక్కడ పట్టుకుని అదుపు చేస్తారో గ్యాసు మెకానిక్కు ఒకాయనను కూర్చోబెట్టి అడిగినాను. ఆయన చెప్పింది, నేను చూసింది కలిపి రాస్తున్నాను. బండలో 14.2 కిలోల గ్యాసు ద్రవంగా ఉంటుంది. మన ఎండలకు లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోలకు పైనే ఉంటుంది. రెగ్యులేటరు దాన్ని సుమారు 30 గ్రాములకు దించి ట్యూబులోకి వదులుతుంది. అంటే అసలు కాపలాదారు రెగ్యులేటరు. స్టవ్వు నాబు రెండో కాపలాదారు. రాత్రంతా రెగ్యులేటరు తెరిచిపెట్టి నాబు మాత్రం మూస్తే, ట్యూబు మొత్తం గ్యాసుతో నిండి ఉన్నట్టే లెక్క. ఎలక కొరికినా, పాతబడి పగిలినా అది గదిలోకి వస్తుంది.

మూడో కాపలాదారు మన ముక్కు. గ్యాసుకు దాని సొంత వాసన ఏమంత ఉండదు. కారితే తెలియాలని మెర్కాప్టాను అనే కంపు మందును కలుపుతారు. అది కంపెనీ వాళ్ళు మన ముక్కును నమ్మి పెట్టిన కాపలా. ముక్కు పనిచెయ్యని మనిషి ఇంట్లో ఆ కాపలాదారు లేనట్టే. కరోనాకు వాసన పోయినవాళ్ళే కాదు, వయసు మీరినవాళ్ళకు కూడా వాసన తగ్గుతుంది. జలుబు చేసినా అంతే. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి ఇంగువ డబ్బా మూత తీసి అడిగి చూడండి.

ఇంకొక సంగతి ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ఈ గ్యాసు గాలి కంటే బరువు. పైకి పోదు, నీళ్ళ మాదిరి నేల మీద పరుచుకుంటుంది. మంచం కిందికి, గుంటలోకి, గడప దాకా పాకుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసు అవుతుంది. గదిలోని గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిస్తే చాలు, రవ్వ పడితే అంటుకుంటుంది. స్విచ్చి వేసినప్పుడు లోపల వచ్చే చిన్న రవ్వ చాలు. వేసి ఉన్న లైటును ఆర్పినా అదే రవ్వ వస్తుంది. అందుకే వెయ్యకూడదు, ఆర్పకూడదు. పై వెంటిలేటరు ఒక్కటే తెరిస్తే చాలదు, తలుపులు బార్లా తెరవాల.

ఇంత తెలిసినాక పిల్లలు చెప్పిన దారులు ఒక్కొక్కటీ చూసినాము.

మొదట ఇండక్షను. అబ్బోడు స్నేహితుని ఇంటి నుంచి ఒకటి తెచ్చి పెట్టినాడు. అద్దం మాదిరి నున్నగా ఉంది, మీటలు లేవు, వేలు తాకిస్తే పనిచేస్తుంది. మా ఇంటిది తాకింది, పలకలేదు. మళ్ళీ తాకింది, పలకలేదు. తడి చేత్తో తాకితే కుయ్యిమని అరిచి ఆగిపోయింది. ఆమె కూడా ఇరవై ఏళ్ళు దారం చుట్టిన మనిషి. రేషను షాపు మిషనే మా వేళ్ళను గుర్తు పట్టక నాలుగు సార్లు పెట్టమంటుంది, ఇదెట్ల గుర్తు పడుతుంది? కళ్ళజోడు లేకుండా ఆ సన్న అక్షరాలు కనబడవు కూడా. "ఇది పొయ్యా, సెల్‌ఫోనా?" అనింది.

అట్లని ఇండక్షనును కొట్టి పారెయ్యడానికి లేదు. నొక్కితే టక్కుమని దిగే బటన్లు ఉన్న రకం కూడా ఉంది. అది ఆమె వేళ్ళకు సరిపోయింది. గిన్నె తీసేస్తే దానంతట అదే ఆగిపోతుంది. పాలకు, కాఫీకి, స్నానం నీళ్ళకు మంచిదే. గిన్నె అడుగు అయస్కాంతానికి అతుక్కోవాల. మన అల్యూమినియం సట్టెలు, మట్టి చట్టి దాని మీద పనిచెయ్యవు. 2000 వాట్లు లాగుతుంది కాబట్టి ఫ్యాను, సెల్లు పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టకూడదు, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు ఉండాల. పాత కాలనీ ఇళ్ళలో వైర్లు సన్నవి, కరెంటాయనకు చూపించి పెట్టుకోవాల. ఖర్చు లెక్క ఇట్లుంటుంది. పూర్తి వేడిలో అరగంటకు ఒక యూనిట్టు. రోజుకు అరగంట అయితే రెండు నెలలకు అరవై యూనిట్లు. మనకు తమిళనాడులో రెండు నెలలకు మొదటి కొన్ని యూనిట్లు ఉచితం కాబట్టి, ఫ్యాను, లైటు, టీవీ ఎంత కాలుస్తున్నాయో చూసుకుని దిగాల. ఇంక కరెంటు పోతే వంట ఆగిపోతుంది. ఇదొక్కటే నమ్ముకుంటే కష్టం.

రెండోది టైము నాబు. ఇరవై నిమిషాలు పెడితే ఇరవై నిమిషాలకు మూసుకుంటుంది. పప్పు పెట్టి మరిచిపోయే ఇళ్ళకు ఉపకారమే. మా ఇంట్లో జరిగింది మరుపు కాదు. మంట ఆరి గ్యాసు వచ్చింది. టైము నాబు ఉన్నా ఇరవై నిమిషాలు గ్యాసు కారతానే ఉండేది. రోగం ఒకటి, మందు ఇంకొకటి.

మూడోది మెకానిక్కు చెప్పినాడు. మంట ఆరితే గ్యాసును తనంతట తానే ఆపే ఏర్పాటు ఉన్న స్టవ్వులు వస్తున్నాయి. బర్నరు పక్కన చిన్న పుల్ల మాదిరి ఒకటి నిలబడి ఉంటుంది. రెండు రకాల లోహాలు కలిపి చేసిన పుల్ల అది. మంటకు వేడెక్కితే అందులో చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటు లోపల ఒక అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాసు దారిని తెరిచి పెడుతుంది. మంట ఆరితే పుల్ల చల్లబడుతుంది, అయస్కాంతం వదిలేస్తుంది, దారి మూసుకుంటుంది. బ్యాటరీ వద్దు, గోడ కరెంటు వద్దు. నేను విని చాలాసేపు మాట్లాడలేదు. మా మగ్గాల్లో నిలువు పోగు తెగితే సన్న రేకు ఒకటి జారిపడి మగ్గం ఆగిపోయేది. నేసేవాడు చూసినా చూడకపోయినా, పోగు తెగినా మగ్గం ఆడకూడదు. ఇదీ అదే బుద్ధి. మంట తెగితే గ్యాసు ఆడకూడదు.

ఈ స్టవ్వుకు ఖరీదు ఎక్కువ. అంటించేటప్పుడు నాబును కొన్ని సెకన్లు నొక్కి పట్టాల, పుల్ల వేడెక్కేదాకా. మా ఇంటిది రెండు దినాలు విసుక్కునింది, మూడో దినానికి చెయ్యి అలవాటు పడింది. మిగతాదంతా ఆమెకు తెలిసిన నాబే. ఎంత తిప్పితే ఎంత మంట వస్తుందో ఆమె వేలికి తెలుసు, చూడాల్సిన పని లేదు.

ఈ నాబు గురించి ఒక మాట. మంట తగ్గించాలంటే చాలామంది నాబును మూసే వైపు సగం తిప్పి పెడతారు. మా ఇంట్లో జరిగింది కూడా అదే. మన స్టవ్వులకు మూసి ఉన్న చోటు నుంచి తిప్పితే ముందు పెద్ద మంట వస్తుంది, ఇంకా తిప్పుకుంటా పోతే చివర సిమ్ వస్తుంది. చిన్న మంట కావాలంటే ఆ చివరకు పోవాల. మూసే వైపు సగంలో నిలిపిన మంటకు నిలకడ ఉండదు, గాలి వీచినా, నాలుగు చుక్కలు పొంగినా ఆరిపోతుంది. పాలకు సిమ్ చివర పెడితే సగం గొడవ పోతుంది.

ఇవన్నీ చూసి మేము తేల్చుకున్నది ఇది. వంట గ్యాసు మీదనే, మంట ఆరితే ఆగే స్టవ్వు మీద. పాలూ నీళ్ళూ బటన్ల ఇండక్షను మీద. పోయిన నా ముక్కుకు బదులు గ్యాసు కారితే కూత పెట్టే చిన్న మిషను ఒకటి గోడకు, నేల నుంచి అడుగు ఎత్తులో. బరువు గ్యాసు కదా, పైన పెడితే అది కూసేలోపల మన పని అయిపోతుంది. దీనికి కరెంటు ఉండాల కాబట్టి దీన్ని పూర్తిగా నమ్మను. నెలకొకసారి సబ్బు నురగ ట్యూబు మీద, రెగ్యులేటరు దగ్గర పూసి చూస్తాను. బుడగ లేస్తే కారుతున్నట్టు. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు దండం పెట్టి చెప్తున్నాను, వద్దు.

అన్నిటికంటే పెద్ద మార్పు ఒకటి చేసినాము. దానికి పైసా ఖర్చు లేదు. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు దిగేవాడు ఎక్కేవానికి మిషను అప్పజెప్పి పోయేవాడు. "ఇది ఆడుతా ఉంది, అది ఆపినాను, దీనికి ఈ లోపం ఉంది" అని నోటితో చెప్పేవాడు. చెప్పకుండా గేటు దాటితే తప్పు. ఇప్పుడు మా ఇంటిది పొయ్యి వదిలి నాలుగు అడుగులు బయటికి పోవాలన్నా, "పొయ్యి నీదయ్యా" అంటుంది. నేను లేచి పోయి పొయ్యి ముందర నిలబడాల. "నాదే" అని చెప్పాల. చెప్పకపోతే ఆమె మంట ఆర్పి పోతుంది. కొళాయిలో నీళ్ళు ఆగిపోయినా ఫరవాలేదు. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు మూసే పని నాది. ముందు రెగ్యులేటరు మూసి, ట్యూబులో ఉన్నది కాలిపోయి మంట తానే ఆరినాక నాబు మూస్తాను.

ఇందులో నాకు సిగ్గు వేసిన సంగతి ఒకటుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం ప్రకారం మిల్లులో బాయిలరు ముందర నిలబడాలంటే పరీక్ష పాసై సర్టిఫికెట్టు తెచ్చుకోవాల్సి ఉండేది. సర్టిఫికెట్టు లేనివాణ్ణి డ్యాంపరు ముట్టనిచ్చేవాళ్ళు కాదు. ఇంట్లో మాత్రం పదేళ్ళ ఆడబిడ్డను పొయ్యి ముందర నిలబెట్టి, అరవై ఏళ్ళు ఆమెకే వదిలేసి, ఒక దినం తప్పు జరిగితే "నీకు చేతకాదు" అంటాము. నేను ఇన్నేళ్ళూ ఆ రెగ్యులేటరు ఏ పక్కకు తిప్పితే మూసుకుంటుందో సరిగా చూడలేదు. ఆ పొద్దున దాన్ని వెతుక్కుంటా తడబడినాను. తప్పు పాలు పొంగడంలో లేదు. ఇద్దరుండే ఇంట్లో పొయ్యి ఒక్కరి చేతిలోనే ఉండిపోయింది, అదీ తప్పు.

ఇంట్లో అందరికీ చెప్పిపెట్టుకోవాల్సిన నాలుగు మాటలు రాసి ముగిస్తాను. స్టవ్వు ఎప్పుడూ బండ కంటే ఎత్తులో ఉండాల. నారింజ రంగు ట్యూబును ఐదేళ్ళకొకసారి మార్చాల, తేదీ దాని మీదనే ఉంటుంది. బండ పై చుట్టు కింద ఉన్న పట్టీ మీద ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూను, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటిన బండ తెస్తే తీసుకోవద్దు. గ్యాసు కారితే బయటికి వచ్చి, దూరంగా నిలబడి 1906కు ఫోను చెయ్యాల, అది పగలూ రాత్రీ ఉంటుంది.

గుడ్డ పని చేసినవాణ్ణి కాబట్టి గుడ్డ మాట కూడా చెప్తాను. పొయ్యి దగ్గర నైలాను, పాలిస్టరు చీర వద్దు. అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది, ఊడిరాదు. నూలు చీర కట్టుకుని కొంగు బొడ్లో దోపుకోవాల. నూలు కూడా కాలుతుంది, కానీ కరిగి చర్మాన్ని పట్టదు. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళ కింద పెట్టాల. పేస్టు, సిరా, పిండి పూయొద్దు. ఎక్కువ కాలితే 108.

పోయిన వారం అబ్బోడు ఫోను చేసి, "నాయినా, అమ్మ ఇప్పుడు పొయ్యి దగ్గరికి పోతా ఉందా?" అని అడిగినాడు. ఆ టయానికి ఆమె వాకిట్లో పూలమ్మితో బేరం ఆడుతా ఉంది. నేను గరిటె పట్టుకుని పప్పు ముందర నిలబడి ఉన్నాను. "పొయ్యి ఇప్పుడు నాది, మళ్ళీ మాట్లాడతాను" అని పెట్టేసినాను.

మీ ఇంట్లో ఈ రాత్రి రెగ్యులేటరు ఎవరు మూస్తారో అడిగి తెలుసుకోండి. అందరూ "అమ్మ" అంటే, రేపటి నుంచి ఇంకొకరు కూడా నేర్చుకోవాల.